నీటి మీద నలుసు

నీళ్ళలో పెరిగే గడ్డిని చూడడానికి టికెట్టు కొనుక్కుని ఎవరొస్తారు చెప్పండి? ఎవరూ రారు. మొక్కల తోటకి వచ్చినవాళ్ళు గులాబీల దగ్గర ఫోటోలు దిగుతారు, ముళ్ళ మొక్కల దగ్గర పిల్లల్ని వెనక్కి లాగుతారు, టీ కొట్టు దగ్గర కుర్చీల కోసం పోట్లాడుకుంటారు. తోట చివర, ఎరువుల షెడ్డు దాటాక, ఒక గాజుగది ఉందనీ, దాని నిండా ఒకే ఒక్క పెద్ద సిమెంటు తొట్టి ఉందనీ చాలామందికి తెలియనే తెలియదు. దారి తప్పి తలుపు తోసుకొచ్చినవాళ్ళు కూడా నీళ్ళలోకి తొంగిచూసి, తమ మొహం తాము చూసుకుని, జుట్టు సర్దుకుని వెళ్ళిపోతారు. చేపలేవీ లేవా అని ఒకరిద్దరు అడుగుతారు. లేవు.

మొహం అంత స్పష్టంగా కనపడుతోందంటే ఆ ఘనత ఆ గది చూసుకునే ఆయనది. తోటలో అందరూ ఆయన్ని అద్దం అంటారు. ఎదురుగా అయితే అద్దం గారు, చాటున ఉత్త అద్దం. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. రోజూ పొద్దున తాళం తీయగానే ఆయన చేసే మొదటి పని, పొడుగు కర్రకి బిగించిన పలచని గుడ్డ వలతో తొట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా నీటి మీద తేలేదంతా తీసేయడం. ఎండుటాకు, ఈగ, దుమ్ము, నురగ, ఏదీ మిగలకూడదు. వలను చెత్తబుట్టలో దులిపి, మళ్ళీ ఒకసారి తీసి, అప్పుడు నడుం వంచి నీళ్ళకేసి ఏటవాలుగా చూస్తాడు. ఎక్కడైనా నలుసు మెరిసిందా, మళ్ళీ మొదలు. చాదస్తం అంటారా, అనండి. ఆయన మాత్రం ఆ పని అయ్యేదాకా టీ కూడా ముట్టడు.

ఆ తొట్టిలో ఉన్నది రిబ్బను నాచు. నాచు అన్నాను కదా అని రాళ్ళ మీద కాలు జారించే పచ్చటి జిగురు అనుకునేరు. ఇది వేళ్ళూ ఆకులూ పువ్వులూ అన్నీ ఉన్న మొక్క, కాకపోతే కాపురమంతా నీళ్ళ అడుగునే. బురదలోకి వేళ్ళు దిగుతాయి. కుదురులోంచి ఆకులు జడ రిబ్బన్లలా పొడుగ్గా పైకి లేచి, నీళ్ళు ఎటు ఊగితే అటు ఊగుతాయి. పక్కలకి పిలకలు వేసి అడుగంతా పాకుతుంది. నడుముకి బలం లేని మొక్క, దాన్ని నిలబెట్టేది నీళ్ళే. పైకి తీస్తే తడిగుడ్డలా కుప్పకూలిపోతుంది. తేటనీళ్ళు కావాలి, ఎండ అడుగుదాకా దిగాలి, కింద మెత్తటి ఒండ్రు ఉండాలి. అడుగు కనపడని బురదనీళ్ళలో నాలుగు రోజులు కూడా బతకదు. ఈ రకం పెరిగే సరస్సు ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఆ సరస్సు మీద ఇళ్ళున్నాయి, బస్సులు ఆగే షెడ్డు ఉంది.

సరస్సును పూడ్చేటప్పుడు మొక్కని కాపాడింది పెద్దసారు. పెద్దసారంటే అప్పట్లో తోటకి అధికారి, నీటి మొక్కలంటే ప్రాణం ఇచ్చే మనిషి. ఒకవైపు లారీలు మట్టి పోస్తుంటే ఇంకోవైపు ఛాతీ లోతు నీళ్ళలో దిగి, బురదతో సహా కుదుళ్ళు పెకలించి తెచ్చి, వాటికోసం ఈ తొట్టి కట్టించాడు. ఉద్యోగంలో కొత్తగా చేరిన అద్దానికి దాన్ని అప్పజెప్పాడు. మొదటి ఎండాకాలం పూత వచ్చినప్పుడు భూతద్దం పట్టుకుని ప్రతి పువ్వునీ చూసి, గట్టు మీద చతికిలబడ్డాడు. అన్నీ ఆడవే, మగది ఒక్కటీ మనతో రాలేదోయ్ అన్నాడు.

ఈ జాతిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఆడమొక్కకి పూలు పూసే వేళయితే అడుగునుంచి దారంలాంటి కాడ ఒకటి బయల్దేరుతుంది. నీళ్ళు ఎంత లోతుంటే అంత సాగి పైకొచ్చి, బియ్యపుగింజంత పువ్వుని నీటి మీద పడుకోబెడుతుంది. ఆ పువ్వు బరువుకి నీటి మీద చిన్న సొట్ట పడుతుంది. మగమొక్కది వేరే దారి. దాని పూలు కుదుట్లోనే, బురదకి ఆనుకుని, ఒక చిన్న సంచిలో ఉంటాయి. ఆవగింజలో సగం కూడా ఉండవు. పొద్దునపూట సంచి చిట్లి, ఒక్కొక్కటే తల్లి నుంచి తెగి, బుడగలా పైకి తేలి, పైన విచ్చుకుని, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అదృష్టం బాగుండి ఆడపువ్వు చేసిన సొట్ట దగ్గరికి వెళ్ళిందా, అందులోకి జారిపడుతుంది. అంతే పెళ్ళి. ఆ తర్వాత ఆడపువ్వు కాడ స్ప్రింగులా మెలికలు చుట్టుకుంటూ పువ్వుని అడుక్కి లాగేసుకుంటుంది. కాయ కింద చీకట్లో పండుతుంది. మగపువ్వు తగలకపోతే మాత్రం ఆడపువ్వు అలా పైనే పడి ఉంటుంది, కుళ్ళేదాకా.

మరుసటేడు పెద్దసారు పోయాడు. ఆయన మాటంటే అద్దానికి రాతి మీద చెక్కినట్టే. అన్నీ ఆడవేనని సారు అన్నాడు కాబట్టి అన్నీ ఆడవే. అక్కడినుంచి అద్దం మగమొక్క వేటలో పడ్డాడు. ఎక్కడెక్కడి తోటలకో రాశాడు. సెలవు పెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఆ సరస్సులోకి నీళ్ళొచ్చిన పాత కాలువలన్నీ గాలించాడు. మగమొక్క కాదు కదా, దాని ఆకు కూడా దొరకలేదు. ప్రతి ఎండాకాలం పువ్వులు పైకి రావడం, ఆకాశంకేసి నోళ్ళు తెరుచుకుని పడుకోవడం, నల్లబడి కుళ్ళిపోవడం. అది చూడలేక ఆయన ఆ రోజుల్లో అన్నం సరిగ్గా తినేవాడు కాదు. కాడలు వడిలిపోయాక ఒక్కొక్కటే చేత్తో తీసేవాడు, వాటికి మాత్రం వల వాడేవాడు కాదు.

దీనికి తోడు ఎండాకాలం ఆయనకి ఇంకో తలనొప్పి ఉండేది. దాని పేరు సున్నం. అంటే గోడలకి వేసే సున్నమూ అదే, అది వేసే మనిషి మారుపేరూ అదే. ఎండ మరీ మండిపోకుండా గాజుకప్పు మీద ఏటా సున్నం పూసేది ఈ సున్నం. అది పూసిన కొన్నాళ్ళకి నీటి మీద తెల్లటి రజను తేలేది. పొద్దున తలుపు తీసేసరికి తొట్టినిండా పిండి చల్లినట్టు ఉండేది. అద్దానికి ఒళ్ళు మండిపోయేది. తిట్టుకుంటూ వలేసి తీసి బుట్టలో దులిపేవాడు, మర్నాడు మళ్ళీ అంతే. సున్నాన్ని పిలిపించి, పగుళ్ళ దగ్గర సరిగ్గా పూయలేదనీ, పెచ్చులు రాలి నీళ్ళలో పడుతున్నాయనీ దుమ్మెత్తిపోసేవాడు. నా సున్నం రాలదు బావా, అది నా చేతి పని అని సున్నం మొత్తుకునేవాడు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. బావా బావా అనుకుంటూ ఏడాదికోసారి తిట్టుకోవడమే వాళ్ళ చుట్టరికం.

ఇప్పుడు ఆయన ఇంటి సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే కథ కుదరదు.

అద్దం ఇల్లు కూడా అద్దమే. మేడ మీద రెండు గదులు, ఒక వంటగది. చెప్పులు గీత గీసినట్టు వరసలో ఉంటాయి. గిన్నె వాడీ వాడకముందే కడిగి బోర్లించేస్తాడు. భార్య ఉన్నన్నాళ్ళూ ఇంటిపని సగం ఆయనే చేశాడు, ఎంత మంచి మొగుడని పక్కవాటా వాళ్ళు ఆవిడ దగ్గర మెచ్చుకునేవాళ్ళు. ఆవిడకేమో టీ సగం తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, కాసేపాగి మిగతాది చల్లారాక తాగే అలవాటు. వెనక్కి తిరిగేసరికి గ్లాసు ఉండేది కాదు, కడిగేసేవాడు. పేపర్లో గళ్ళ పజిలు సగం నింపి పెన్ను కోసం లేస్తే, తిరిగొచ్చేసరికి పేపరు మడిచి పాతపేపర్ల కట్టలోకి వెళ్ళిపోయేది. అల్లుతున్న ఊలు కుర్చీలో వదిలితే బీరువాలోకి, తలపిన్ను తీసి బల్లమీద పెడితే సొరుగులోకి. ఆవిడ మొదట్లో నవ్వేది. తర్వాత విసుక్కుంది. ఆ తర్వాత ఏమీ అనడం మానేసింది. ఆయన దాన్ని శాంతి అనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

చెల్లెలి ఊరికి పది రోజులుండి వస్తానని వెళ్ళి, ఆవిడ మళ్ళీ రాలేదు. అక్కడే ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. వెళ్ళేరోజు గుమ్మంలో అన్న మాట మాత్రం ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నేను కూర్చుని లేచిన చోటు కూడా తుడిచేస్తారు మీరు. ఈ ఇంట్లో నేనున్నానని నాకే గుర్తు దొరకడం లేదు."

ఇదేం మాట, శుభ్రంగా ఉంచడం కూడా తప్పేనా అని ఆయన నొచ్చుకున్నాడు. వస్తుందిలే అనుకున్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం కదా, బతిమాలడం రాలేదు. అప్పుడప్పుడూ ఫోనులో మాట్లాడుకునేవాళ్ళు, ఒంట్లో ఎలా ఉంది, వానలు పడుతున్నాయా, అంతే. సాయంత్రం ఇంటికొచ్చి ఒక కంచం కడిగి, ఒక గ్లాసు కడిగి, తుడవడానికి ఇంకేమీ లేక తుడిచిన బల్లే మళ్ళీ తుడిచేవాడు. ఒంటరితనం అంటే అదేనని తెలుసు. తెలిసి కూడా ఏం చేయాలో తెలియలేదు.

ఇలా ఉండగా తోటకి కొత్త డైరెక్టరు వచ్చింది. మనిషి మంచిదే, పని తెలిసినది. వచ్చిన నెలలోనే గాజుగదికొచ్చి, తొట్టి చుట్టూ తిరిగి, గోడకి చెయ్యి ఆనించి చెమ్మ చూసింది. తొట్టి పగిలింది, నీళ్ళు పునాదిలోకి దిగుతున్నాయి, వానాకాలానికి గోడ కూలినా కూలుతుంది. ఇంజనీరు కూడా అదే తేల్చాడు. వానలు మొదలయ్యేలోపు తొట్టి ఖాళీ చేసి పడగొట్టాలి. మొక్కల్ని డబ్బాల్లోకి మారుద్దామంటే, అద్దం ఇదివరకు రెండుసార్లు మార్చి చూశాడు. రెండుసార్లూ ఆకులు జావకారిపోయాయి. మరి దీని గతేమిటని ఆయన అడిగాడు. విత్తనాల బ్యాంకు ఒకటుంది, చల్లటి గదుల్లో గింజలు ఏళ్ళ తరబడి దాస్తారు, రేపు మంచి తొట్టి కట్టాక మళ్ళీ మొలిపించుకోవచ్చు, కానీ వాళ్ళు తీసుకునేది గింజలే, మొక్కలు కాదు అని ఆవిడ చెప్పింది.

"గింజలుంటే ఇవ్వండి, నేనే స్వయంగా తీసుకెళ్తాను. లేకపోతే నన్నేం చేయమంటారో మీరే చెప్పండి," అంది.

మగమొక్క లేనిదే గింజెక్కడిది? ఆ రాత్రి అన్నం వండుకోలేదు. పెద్దసారు ఛాతీ లోతు నీళ్ళలోంచి ఎత్తి చేతికిచ్చిన మొక్క, ఈ భూమ్మీద ఇంకెక్కడా లేనిది, తన చేతుల్లోనే పోబోతోంది. అది పోయాక రోజూ పొద్దున తాళం తీయడానికి కూడా ఏమీ ఉండదు.

డైరెక్టరు ఇంకో మార్పు కూడా చేసింది. సున్నం పూత ఖర్చు దండగ, వానకి కారిపోతుంది అని, ఆ ఏడు కప్పు మీద పచ్చటి నీడవల పరిపించింది. సున్నానికి ఆ ఏడు గాజుగదిలో పనే లేకుండా పోయింది. ఇన్ని కష్టాల్లోనూ అద్దానికి చిన్న సంతోషం కలిగింది. పోనీ, ఈ చివరి ఎండాకాలమైనా నీళ్ళు నిర్మలంగా ఉంటాయి అనుకున్నాడు.

ఎండలు ముదిరాయి. దారాల్లాంటి కాడలు ఒక్కొక్కటే పైకొచ్చి పువ్వులు పరుచుకున్నాయి. ఒకరోజు పొద్దున తలుపు తీసేసరికి నీటి మీద తెల్లటి రజను.

ఆయన తల ఎత్తి చూశాడు. పైన పచ్చటి వల, దాని కింద తళతళలాడే గాజు. సున్నం మరక ఒక్కటి లేదు. నిరుటిది ఇనప దూలాల సందుల్లో మిగిలుంటుంది అనుకుని, రజను తీసి పారేసి, నిచ్చెనేసుకుని దూలాలన్నీ తడిగుడ్డతో తుడిచాడు. మర్నాడు మళ్ళీ రజను. ఈసారి గాజు కూడా లోపలివైపు కడిగాడు. భుజాలు పీకేశాయి. ఆ మర్నాడు కూడా అంతే. ఇక ఆయనకి తిక్క రేగింది. సున్నానికి ఫోను చేసి, పని చేయని ఏడు కూడా నీ సున్నం రాలుతోందయ్యా, అదేం చేతి పనయ్యా నీది అని కేకలేశాడు. సున్నానికీ రోషం వచ్చింది. వచ్చి నా కళ్ళతో చూస్తాను, అది సున్నమే అయితే జన్మలో బ్రష్షు పట్టను, అప్పటిదాకా నువ్వు దాన్ని తీసేయకు అన్నాడు.

సరే, సాక్ష్యం కావాలి కదా. అద్దం వలని గోడకి ఆనించి, పైనీళ్ళు కదలకూడదని, రోజంతా నీళ్ళు తిప్పి వడకట్టే పంపు కూడా ఆపేసి, గట్టు మీద కూర్చున్నాడు. ఆ ఉద్యోగంలో చేరాక పొద్దునపూట నీటి పైన చెయ్యి పెట్టకుండా కూర్చోవడం ఆయనకి అదే మొదలు. చేతులు ఊరుకోవడం లేదు. ఒకదానిలో ఒకటి ఇరికించుకుని కూర్చున్నాడు.

గది నిశ్శబ్దంగా ఉంది. పంపు చప్పుడు లేకపోతే ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆయనకి అంతవరకూ తెలియదు. నీళ్ళు అలాగే నిలిచిపోయాయి. రజను అక్కడక్కడా గుంపులు కట్టి, ఆయన ఊపిరికి కూడా పక్కకి జరుగుతోంది. సున్నమైతే ఇలా జరుగుతుందా అని మొదటి అనుమానం వచ్చింది. ఇంకొంచెం వంగాడు. అప్పుడు కనపడింది. అడుగున, తొట్టి ఉత్తరపు మూల, గుబురుగా ఉన్న ఆకుల కుదుట్లోంచి చిన్న తెల్లటి చుక్క ఒకటి బయల్దేరింది. మెల్లగా, ఆకుల మధ్యలోంచి, నిటారుగా పైకి వచ్చింది. నీళ్ళపైకి రాగానే టప్పున విచ్చుకుంది. దాని వెనకే ఇంకొకటి. దాని వెనకే మరొకటి.

రజను పైనుంచి పడడం లేదు. కిందనుంచి వస్తోంది.

అయ్యో, మగపువ్వు ఎలా ఉంటుందో అన్నీ తెలిసిన మనిషే కదా, ఇన్నాళ్ళూ ఎలా పోల్చుకోలేదు అని మీరనొచ్చు. నేనూ అన్నాను. కానీ లేదని పెద్దసారు చెప్పాక ఉందేమోనని ఎవరు వెతుకుతారు? పూత వచ్చే రోజులూ సున్నం పూసే రోజులూ ఒకటే అయిపోయాయి. తెచ్చిన బురదలో నిద్రపోతున్న మగకుదురు ఒకటి, పెద్దసారు పువ్వులు చూసి వెళ్ళాక మొలిచి ఉంటుంది. ఆకు చూస్తే ఆడదో మగదో చెప్పలేం. పువ్వు చూద్దామంటే అది బురద దగ్గర దాక్కుంటుంది, పైకొచ్చిన దాన్ని మనుషులు రాకముందే ఈయన వలేసి ఊడ్చేస్తాడు. ఇక ఎలా తెలుస్తుంది?

గాలి కొద్దిగా వీచింది. రజనులోంచి ఒక చుక్క విడివడి, తేలుకుంటూ వచ్చి, ఒక ఆడపువ్వు పక్కన ఆగింది. సొట్ట అంచున ఒక క్షణం ఊగింది. జారి లోపల పడింది.

తిట్టడానికి నాలుగు మాటలు కట్టుకుని వచ్చిన సున్నానికి, గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తున్న మనిషి కనపడ్డాడు. బెదిరిపోయి భుజం పట్టుకున్నాడు. అద్దం నీళ్ళకేసి చూపించాడు. కాసేపటికి ముక్కలు ముక్కలుగా సంగతంతా చెప్పాడు. సున్నం నీళ్ళలోకి చూశాడు, చెత్తబుట్టకేసి చూశాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావు కదయ్యా బావా," అన్నాడు.

తిట్లన్నీ మింగేసి ఆయన పక్కనే కూర్చున్నాడు. నా సున్నానికి ఈ పాపం అంటగట్టావు అని మాత్రం ఒకసారి గొణిగాడు. తప్పయిపోయిందని అద్దం అన్నాడు. ఆ మాట ఆయన నోటివెంట రావడం సున్నం ఎప్పుడూ వినలేదు. లేచి వెళ్ళి రెండు టీలు పట్టుకొచ్చాడు.

ఆ రోజునుంచి గాజుగదిలో వల గోడకే ఉండిపోయింది. పంపు పొద్దునపూట తిరగలేదు. నీటి మీద ఈగలు పడ్డాయి, ధూళి పేరుకుంది, ఒక మూల జిడ్డు మీగడలా కట్టింది. జుట్టు సర్దుకోవడానికి వచ్చినవాళ్ళు మొహాలు కనపడక తిరిగి వెళ్ళారు. డైరెక్టరు వచ్చి ఇదేమిటని అడిగితే ఆయన భూతద్దం చేతిలో పెట్టి ఉత్తరపు మూల చూపించాడు. ఆవిడ చీర కొంగు దోపుకుని గట్టు మీద బోర్లా వంగి చాలాసేపు చూసింది. లేచి, గదికి తాళం వేయించి, మరమ్మతు అని బయట బోర్డు పెట్టించింది.

కొన్నాళ్ళకి మొదటి కాడ మెలిక తిరిగింది. ముందు ఒక చుట్టు, తర్వాత ఇంకో చుట్టు. పైన ఉన్న పువ్వు కొంచెం కొంచెం కిందికి దిగుతూ ఒక పొద్దునకి నీళ్ళలో మునిగిపోయింది. దాని వెనక మరికొన్ని. ఎప్పుడూ కుళ్ళడమే చూసిన ఆయన, నీటి మీద ఆడపువ్వులు తరిగిపోవడం చూసి ఇంకెవరికీ చెప్పుకోలేనంత పొంగిపోయాడు. వెంటనే ఏడుపూ వచ్చింది. ఎన్ని ఎండాకాలాలు పైకొచ్చాయి అవి! తల్లిని తెంపుకుని, అంత లోతునుంచి వచ్చి విచ్చుకుంటే, తను నీళ్ళు అందంగా ఉండాలని బుట్టలో దులిపేశాడు. పక్కనే ఆడపువ్వులు ఎదురుచూస్తూ కుళ్ళిపోతుంటే, వాటికోసం జాలిపడుతూ దులిపేశాడు.

వానలకి ముందే కాయలు ముదిరాయి. వేలంత పొడుగు కాయలు, లోపల జిగురులో సన్నటి గింజలు. డైరెక్టరు మాట నిలబెట్టుకుంది, గింజల సీసాలు ఒళ్ళో పెట్టుకుని స్వయంగా తీసుకెళ్ళింది. మరుసటి వారం తొట్టి పడగొట్టారు. అద్దం ఆ పని చూడలేదు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు.

ఇంట్లో కూర్చుంటే ఆయనకి ఒక కోరిక పుట్టింది. ఆవిడ ఇక్కడ ఉండేదన్న గుర్తు ఒకటి చూడాలి. ఏదైనా ఫరవాలేదు. కిటికీ గట్టు చూశాడు, గ్లాసు మరక లేదు. పాతపేపర్లు ఎప్పుడో అమ్మేశాడు. సొరుగులు లాగాడు, బీరువా తెరిచాడు, తలుపుల వెనక చూశాడు, పరుపు ఎత్తాడు. గోడ మీద జిడ్డు చెయ్యి గుర్తైనా లేదు. ఎంత బాగా తుడిచాడంటే, ఆ ఇంట్లో ఎన్నడూ ఇంకో మనిషి కాపురం చేసినట్టే లేదు. వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాడు. నాకే గుర్తు దొరకడం లేదని ఆవిడ అన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు.

అక్కడినుంచే పడగ్గదిలో ఇనప బీరువా కాళ్ళు కనపడ్డాయి. ఆ బీరువా ఇద్దరుంటే గాని కదలదు. ఏడాదికోసారి ఆయన తోస్తే ఆవిడ లాగేది, కింద ఊడ్చేవాళ్ళు. ఆవిడ వెళ్ళాక దాన్ని కదిపే రెండో మనిషి లేరు. ఆయన పాక్కుంటూ వెళ్ళి, చెంప నేలకి ఆనించి, కిందికి చెయ్యి చాపాడు. మెత్తగా, మందంగా దుమ్ము తగిలింది. ఆ ఇంట్లో అంత దుమ్ము ఉందని ఆయనకి తెలియదు. వేళ్ళకి ఏదో చల్లగా తగిలితే లాగాడు. తలపిన్ను. దానికి చుట్టుకుని పొడుగాటి వెంట్రుక ఒకటి.

చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత మళ్ళీ పడుకుని, ఎక్కడ దొరికిందో అక్కడే దుమ్ములో పెట్టేశాడు. లేచి ఆవిడకి ఫోను చేశాడు.

ఆవిడకి ఆ మొక్క సంగతంతా తెలుసు. కాయ పట్టిందనగానే మగమొక్క ఎక్కడ దొరికిందని అడిగింది. తొట్టిలోనే ఉందని, మొదటినుంచీ ఉందని చెప్పాడు. వల గురించి చెప్పాడు, బుట్ట గురించి చెప్పాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"బీరువా కింద నీ పిన్ను దొరికింది," అన్నాడు.

"తుడిచేశారా?"

"లేదు. అక్కడే ఉంచాను. నువ్వు రాకూడదూ?"

అటువైపు ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే ఆయనకి ఎక్కువ భయం వేసింది.

"ఇక్కడ కిటికీ దగ్గర నాకో కుర్చీ ఉందండీ. పొద్దున సగం తాగి పెట్టిన గ్లాసు సాయంత్రం దాకా అలాగే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. అది నాకు అలవాటైపోయింది," అంది. "మీరీ మాట అప్పుడే అడిగుంటే బాగుండేది," అని కూడా అంది.

ఆయన సరేనన్నాడు. వానలు పడుతున్నాయా అని అడిగాడు. పడుతున్నాయంది.

మర్నాడు పొద్దున ఆయన టీ పెట్టుకుని, సగం తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద వదిలేసి పనికి వెళ్ళాడు. తొట్టి లేదు కాబట్టి ఆయన్ని గులాబీల దగ్గర పనికి వేశారు. సాయంత్రం తాళం తీసి, చెప్పులు విప్పి, నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గ్లాసు పెట్టిన చోటే ఉంది. టీ మీద తొరక కట్టింది, అందులో ఒక ఈగ పడింది. ఆ ఇంట్లో దాన్ని తీసేవాళ్ళు ఎవరూ లేరు.